మలుపులో బండి బిగుసుకుపోతుంటే

పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండితో (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చే బండి) బురద దాటి, అదే 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే మామూలు స్పీడు మోడ్) గట్టి రోడ్డెక్కి పార్కింగ్‌లో తిప్పితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బండి కుదుపులతో కదులుతుంది, టైర్లు కీచుమంటాయి. చాలామంది బ్రేకు పట్టేసిందనుకుని టెన్షన్ పడతారు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, 4హెచ్‌లో ముందు, వెనక యాక్సిళ్లు (ఇరుసులు) రెండూ కలిపి కట్టేసి ఉంటాయి కాబట్టి వేర్వేరు వేగాల్లో తిరగలేవు, అంతే సంగతి.

గట్టి నేల తగలగానే, ఇంకా తిన్నగా వెళ్తున్నప్పుడే, యాక్సిలరేటర్ మీద కాలు తీసి 2హెచ్‌కి, అంటే రెండు చక్రాలకే పవర్ వెళ్లే మోడ్‌కి, మార్చేయండి. ఒక్కోసారి మోడ్ మార్చే లివర్ రాదు, లేదా స్విచ్ తిప్పినా డ్యాష్‌బోర్డులో 4డబ్ల్యూడీ లైటు మిణుకుమంటూనే ఉంటుంది. అప్పుడు బలప్రయోగం వద్దు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, వెనక చూసుకుని, రెండు మూడు మీటర్లు మెల్లగా రివర్స్ చేయండి. లోపల పేరుకున్న బిగువు వదిలిపోయి లివర్ సులువుగా వస్తుంది. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే తక్కువ స్పీడు మోడ్) ఉంటే మాత్రం బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి.

ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకి ఈ చిట్కా పనికిరాదు. వాటిలో ఇదే కుదుపు వస్తే ముందు నాలుగు టైర్ల గాలి, సైజు, అరుగుదల సమానంగా ఉన్నాయేమో చూడండి. ఉన్నా కుదుపు తగ్గకపోతే మెకానిక్‌కి చూపించాల్సిందే.