ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శైలిని ఫలితాలకు అనుకూలంగా మలచుకోవడం ఎలా?

మీ నాయకత్వం ఎలాంటిదో తెలుసుకోవాలంటే, మీరు సమావేశం కోసం జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) కార్యాలయానికి వెళ్లిన రోజున బడి ఎలా నడిచిందో ముందుగా వాకబు చేయండి. తరగతులు వేళకు మొదలయ్యాయా, సెలవులో ఉన్న ఉపాధ్యాయుల పీరియడ్లను ఎవరైనా సర్దుబాటు చేశారా, సాయంత్రం పదో తరగతి స్టడీ అవర్ జరిగిందా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఏ నివేదిక కన్నా నిజం చెబుతాయి.

ఈ పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలో పదేళ్ల బాలుర బృందాలపై జరిపి 1939లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆజ్ఞలతో నడిచిన బృందాలు నాయకుడు ఎదుట ఉన్నంతసేపు గట్టిగా పనిచేసి, ఆయన గది దాటగానే చతికిలపడ్డాయి. కలిసి నిర్ణయాలు తీసుకున్న బృందాల పని మాత్రం పెద్దగా తగ్గలేదు. అందువల్ల టైంటేబుల్, ప్రత్యేక తరగతుల వేళలు, వెనుకబడిన విద్యార్థుల దత్తత (ఒక్కో ఉపాధ్యాయునికి కొందరి బాధ్యత అప్పగించడం) వంటి విషయాలను స్టాఫ్ మీటింగులో చర్చకు పెట్టి, తుది నిర్ణయాన్ని ఉపాధ్యాయుల చేతనే రిజిస్టరులో రాయించండి.

అయితే అన్నింటినీ చర్చకు పెట్టకూడదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన తీరు చూసిన వారికి, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు చర్చకు కూర్చోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పిల్లల భద్రత, పరీక్ష గది క్రమశిక్షణ, బాలికల ఫిర్యాదులు అనే ఈ మూడింటిలో స్పష్టమైన ఆజ్ఞే సరైన పద్ధతి.

ఇక మార్కులను నిజంగా కదిలించేది తరగతి గది. న్యూజీలాండ్‌కు చెందిన విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం వివిధ పరిశోధనలను కలిపి పరిశీలించి 2008లో ప్రచురించిన విశ్లేషణలో, ఉత్తేజపరిచే నాయకత్వం కన్నా బోధనపై దృష్టి పెట్టే నాయకత్వం విద్యార్థుల ఫలితాలపై మూడు నాలుగు రెట్లు ఎక్కువ ప్రభావం చూపుతుందని తేలింది. నాయకులు చేసే పనుల్లో అన్నిటికన్నా బలమైన అంశం, నాయకులు ఉపాధ్యాయులతో కలిసి తామూ నేర్చుకోవడం. నా దృష్టిలో మన హెచ్.ఎం.లు ఎక్కువగా వదిలేస్తున్నదీ ఇదే, ఎందుకంటే యాప్‌లలో వివరాల నమోదు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మరమ్మతుల బిల్లులు వారి పూటంతా తినేస్తున్నాయి.

కాబట్టి ఒక సబ్జెక్టును ఎంచుకోండి. చాలా బడుల్లో అది గణితమే అవుతుంది, ఎందుకంటే అందులో 35 మార్కులు రాక ఆగిపోయే పిల్లలు ఎక్కువ. వారానికి రెండు పీరియడ్లు వెనుక బెంచీలో కూర్చుని, ఉపాధ్యాయుణ్ని కాక పిల్లల నోటు పుస్తకాలను చూడండి. ఎవరు బోర్డు మీది లెక్కను ఎక్కించుకున్నారు, ఎవరు సొంతంగా చేశారు, ఎవరిని ఒక్కసారీ ప్రశ్న అడగలేదు అన్నవి గమనించండి. అదే రోజు ఉపాధ్యాయుని లీజర్ పీరియడ్‌లో, ఇతరులు లేనప్పుడు, ఒక్క విషయం మాత్రమే మాట్లాడండి. దాన్ని మెమోగా మార్చకండి, ఎందుకంటే మెమో అందుకున్నవారు మరుసటి పీరియడ్ నుంచి మీకోసం పాఠం చెబుతారే తప్ప పిల్లల కోసం చెప్పరు. మీరు కూడా ఒక తరగతికి పాఠం చెబుతూ, అదే ఉపాధ్యాయుణ్ని వచ్చి చూడమని కోరండి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సంతకం చేసి వచ్చేయకుండా చివరిదాకా కూర్చోండి.

కొత్తగా చేరిన ఉపాధ్యాయులకు పనిని దగ్గరుండి చూపించాలి, అనుభవజ్ఞులకు బాధ్యత అప్పగించి తప్పుకోవాలి.

తల్లిదండ్రుల విషయంలో విశాఖ పరిస్థితి ప్రత్యేకమైనది. పెదజాలరిపేట వంటి మత్స్యకారుల వాడల్లో తెల్లవారకముందే పనికి వెళ్లేవారిని ఉదయం పది గంటల సమావేశానికి పిలిచి, రాలేదని నిందించడం అన్యాయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో చేపల వేటపై నిషేధం ఉంటుంది కనుక, అది మొదలైనప్పటి నుంచి వేసవి సెలవుల లోపు దొరికే కొద్ది రోజుల్లోనే తొమ్మిది పూర్తి చేస్తున్న పిల్లల ఇళ్లకు ఉపాధ్యాయులతో కలిసి వెళ్లి, పదో తరగతి ప్రణాళికను తండ్రుల ఎదుటే మాట్లాడండి. గాజువాకలో షిఫ్టు పనులకు వెళ్లేవారి కోసం ఆదివారం సాయంత్రం కేటాయించవచ్చు.

ఫార్మేటివ్ పరీక్షల మార్కులు వచ్చినప్పుడు ఉపాధ్యాయుల పేర్లతో సగటులను గోడకు అంటించకండి. ప్రతి సబ్జెక్టులో గత పరీక్ష కన్నా ముందుకు వచ్చిన పిల్లలెవరు, కదలని పిల్లలెవరు అన్న జాబితాను ఆ ఉపాధ్యాయునితోనే తయారు చేయించి, కదలని వారిలో కొందరి బాధ్యత మీరే తీసుకోండి.