పాత కారు పెట్రోలు ట్యాంకు: దోషం ఎక్కడుందో పట్టుకున్నాకే మార్చండి

పాత కారు దారిలో ఆగిపోతే అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే భాగం) మీదికే పోతుంది. నాదీ అంతే. మూడుసార్లు విప్పాను, దాని సన్నటి బెజ్జాలైన జెట్లు ఊది శుభ్రం చేశాను, మళ్లీ బిగించాను. బండి ఓ నలభై కిలోమీటర్లు బుద్ధిగా నడిచేది, తర్వాత ఎక్కిళ్లు పెట్టి ఆగేది. పది నిమిషాలు వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. ఈ లెక్కన ట్యాంకులోనే ఏదో ఉందని కొత్త ట్యాంకు కొనడానికి సిద్ధపడ్డాను కూడా. ఓ రోజు బండి ఆగిన వెంటనే, ఎందుకో, ట్యాంకు మూత తిప్పాను. 'సుయ్య్' మని గాలి లోపలికి పోయింది. మూతలో గాలి కోసం పెట్టిన సన్నటి బెజ్జం మట్టితో పూడుకుపోయి ఉంది. గుండుసూదితో పోయే రోగానికి ట్యాంకు మార్చబోయాను.

ట్యాంకు అంటే ఒట్టి రేకు డబ్బా కాదు. పెట్రోలు బయటికి పోవడానికి ఒక దారి, ఆ మేరకు గాలి లోపలికి రావడానికి ఇంకో దారి, మట్టం చూపించే సెండర్, దానికి ఎర్త్, అన్నీ కలిస్తేనే ట్యాంకు. పాత ట్యాంకు పాడైందనుకున్నప్పుడు వీటిలో ఏది పోయిందో చూడాలి. కొత్తది వేశాక తలనొప్పి మొదలైతే వీటిలో ఏది మరిచిపోయామో చూడాలి.

ముందు నిప్పు సంగతి

ఈ భాగం చదవకుండా కిందికి వెళ్లకండి. పెట్రోలు సున్నాకి 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వతో భగ్గుమంటుంది. అది గాలి కన్నా బరువు. నేల మీద పాకుతూ పోయి ఎక్కడో గది చివరనున్న మంటను వెతుక్కుంటుంది. అందుకే కారు కింద గుంటలో దిగి ట్యాంకు విప్పే పని అస్సలు పెట్టుకోకూడదు, ఆవిరంతా ఆ గుంటలోకే చేరుతుంది.

నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకుకే ఎక్కువ భయపడాలి. నిండినదాంట్లో అంటుకోవడానికి గాలి చాలదు. ఖాళీ చేసినదాంట్లో గాలీ ఆవిరీ సరిపాళ్లలో కలిసి ఉంటాయి, అది నివురుగప్పిన నిప్పే. కడిగాను కదా అని వెల్డింగ్ టార్చి దగ్గరికి తేకండి. తుప్పు పొలుసుల్లోనూ, రేకు మడతల అతుకుల్లోనూ దాక్కున్న పెట్రోలు వేడి తగలగానే బయటికొస్తుంది. వెల్డింగైనా టంకమైనా ట్యాంకులు ఉడకబెట్టి శుభ్రం చేసే ఏర్పాటున్న వాళ్ల పని. మనం చేయాల్సింది బ్యాటరీ నెగటివ్ తీయడం, పెట్రోలును చేతిపంపుతో ఆరుబయట తోడటం, బల్బు ల్యాంపు దగ్గరికి తేకపోవడం. గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చే పాత అలవాటు మానేయండి.

కొంతదూరం పోయి ఆగుతోంది, కాసేపాగితే మళ్లీ నడుస్తోంది

దీనికి మూడు కారణాలుంటాయి, మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది నాకు ఎదురైన గాలిదారి. బండి ఆగిన వెంటనే మూత తిప్పి చెవి పెట్టండి. గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. పెట్రోలు లాగే పంపు బలమైనదైతే ట్యాంకు రేకు లోపలికి గుంట పడి ఉండటం కూడా చూడొచ్చు. పాత కార్లలో కొన్నింటికి బెజ్జం ఉన్న మూత, కొన్నింటికి బెజ్జం లేని మూత వేసి పక్కన వేరే గాలి గొట్టం ఇచ్చారు. ఈ రెండు మూతలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, మరలు కూడా ఒకదానికొకటి సరిపోతాయి. మూత మార్చిన తర్వాతే సమస్య మొదలైందేమో గుర్తు తెచ్చుకోండి.

రెండోది పెట్రోలు పీల్చే గొట్టం చివరి జల్లెడ. ఇంజన్ నడుస్తున్నంతసేపూ చెత్త జల్లెడకు అతుక్కుంటుంది, ఆగగానే జారి కింద పడుతుంది. అందుకే పది నిమిషాల విశ్రాంతితో బాగైపోయినట్టు నటిస్తుంది. పంపు దగ్గర గొట్టం విప్పి, ట్యాంకు మూత తీసి, చాలా తక్కువ ఒత్తిడితో వెనక్కి గాలి ఊదండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు బండి చక్కగా నడిచి మళ్లీ మొరాయిస్తే జల్లెడే. ఊదడంతో చెత్త పక్కకు జరుగుతుందే తప్ప ఎక్కడికీ పోదు, ట్యాంకు దించక తప్పదు.

మూడోదాన్ని చాలామంది పట్టుకోలేరు. ప్రతిసారీ పావు ట్యాంకు మిగిలుండగానే బండి ఆగుతోందా? పీల్చే గొట్టానికి మధ్యలో తుప్పు పట్టి చిల్లు పడి ఉండొచ్చు. పెట్రోలు మట్టం ఆ చిల్లు పైన ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. కిందికి దిగగానే పంపు పెట్రోలుకు బదులు గాలి లాగుతుంది. గొట్టం సెండర్‌తో కలిసి ఉంటే ఆ ఒక్క భాగం మారిస్తే చాలు.

(ఫోర్డ్ మోడల్ టి కార్లలో చాలావాటికి ట్యాంకు ముందు సీటు కింద ఉండేది, పంపు ఉండేది కాదు. పెట్రోలు తనంతట తానే పల్లానికి జారి ఇంజన్‌కు చేరాలి. ట్యాంకు అడుగంటినప్పుడు నిటారు ఎత్తు ఎక్కాలంటే బండిని తిప్పి రివర్స్‌లో ఎక్కించేవారు. అలాంటి బండిలో ఎత్తు మీద ఆగడం రోగమే కాదు.)

ఫిల్టర్ మాటిమాటికీ ఎర్రబడుతోంది

ఫిల్టర్ మార్చి ఊరుకోకండి. దాంట్లో ఉన్నది ఒక గాజు సీసాలోకి ఒంపి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున ఎర్రటి పొడి పేరుకుంటే తుప్పు. పాదరసంలా గుండ్రంగా దొర్లే బొట్లుంటే నీళ్లు. జిగురుగా గోధుమరంగులో ఉండి, పాత వార్నిష్‌లా ముక్కు బిగుసుకునే వాసన వేస్తే ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోలు. పలచటి పొరలు పొరలుగా, పాము కుబుసంలా తేలితే, చిల్లులు పూడ్చడానికి ఎవరో ఇంతకుముందు లోపల పూతగా పోసిన సీలర్ ఊడుతోంది.

తుప్పుకు కారణం ట్యాంకులో ఖాళీ. సగం ఖాళీగా నెలల తరబడి నిలబెట్టిన బండిలో పగటి వేడికీ రాత్రి చలికీ గాలిలోని చెమ్మ రేకు మీద బొట్లు కడుతుంది. నీళ్లు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరి అక్కడే కూర్చుంటాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలుతో ఇంకో చిక్కు. ఇథనాల్ చెమ్మను పీలుస్తుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలులో నీళ్లు సుమారు అర శాతం దాటితే, నీళ్లూ ఇథనాలూ ఒక్కటై పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పీల్చే గొట్టం నోరు ఉండేదీ అక్కడే.

పాత ట్యాంకుల్లో చాలావాటిని సీసం, తగరం కలిపి పూత పూసిన ఉక్కు రేకుతో చేశారు. ఆ పూత ఉన్నంతకాలం తుప్పు రాదు. కాబట్టి ఘాటైన యాసిడ్ పోసి కడిగితే తుప్పుతోపాటు ఆ రక్షణ కూడా కొట్టుకుపోతుంది. సిట్రిక్ యాసిడ్ ద్రావణమో వెనిగరో పోసి ఒకటి రెండు రోజులు నాననివ్వండి. గట్టి పొలుసులుంటే గుప్పెడు నట్లు వేసి ట్యాంకును అటూ ఇటూ దొర్లించండి. వేసేముందు నట్లు లెక్కపెట్టండి, తీశాక మళ్లీ లెక్కపెట్టండి. ఇరవై వేసి పంతొమ్మిది తీసి, ఆ ఒక్కదాని కోసం ట్యాంకును తలకిందులు చేసి సాయంత్రమంతా ఊపిన అనుభవం నాది. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టండి. ముందే పెట్రోలు ఆవిరి వదిలించి ఉండాలి సుమా. తడిగా వదిలేస్తే కళ్లముందే నారింజరంగు తుప్పు లేస్తుంది. అడుగు మడ్డిలో పాతకాలపు పెట్రోలు తాలూకు సీసం ఉండొచ్చు, గ్లవుజులు వేసుకోండి.

శుభ్రమయ్యాక అడుగు రేకును బయటినుంచి మొద్దు స్క్రూడ్రైవర్‌తో నొక్కుతూ పోండి. ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగితే ఆ ట్యాంకు కథ ముగిసింది. సీలర్ పోసి బతికించడం నాకు ఇష్టం ఉండదు. పాతరకం సీలర్లు ఇథనాల్‌కు కరిగి ఊడి జల్లెడను మూసేస్తాయి. తప్పదనుకుంటే ఇథనాల్‌కు తట్టుకునే ఎపాక్సీ రకం వాడండి. అది ఆరేలోపు పీల్చే గొట్టంలోనూ గాలి గొట్టంలోనూ గాలి ఊదుతూ ఉండండి, లేకపోతే మందే రోగమవుతుంది.

కారులో పెట్రోలు వాసన

ఎప్పుడు వస్తోందో చూడండి. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజే వస్తుంటే లీకు పైభాగంలో ఉంది: సెండర్ గ్యాస్కెట్, మూత వాషర్, లేదా పెట్రోలు పోసే మూతినీ ట్యాంకునూ కలిపే లావాటి రబ్బరు గొట్టం. ఈ గొట్టాన్ని చేత్తో వంచి చూడండి, పగుళ్లు నోరు తెరుస్తాయి. మట్టంతో పనిలేకుండా ఎప్పుడూ వస్తుంటే కింద గొట్టాలు చూడాలి. పాత రబ్బరు ఇథనాల్‌కు మెత్తబడి చెమ్మగిల్లుతుంది. మార్చేటప్పుడు ఎస్ఏఈ జె30 ఆర్9 (పెట్రోలు గొట్టాలకు ఉన్న ఒక ప్రమాణం) అని ముద్ర ఉన్న గొట్టం తీసుకోండి.

ఎంజీబీ లాంటి కార్లలో ట్యాంకు డిక్కీ నేలకు కిందుగా ఆనుకుని ఉంటుంది. మధ్యలో చేరిన మట్టి తడిసి, ట్యాంకు పైరేకును తినేస్తుంది. కింద నుంచి చూస్తే నిగనిగలాడుతూ కనిపిస్తుంది, దించితే పైరేకంతా చిల్లులే. 1960ల ఫోర్డ్ మస్టాంగ్‌లో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, కాబట్టి చిన్న లీకైనా వాసన నేరుగా లోపలికే.

కొత్త ట్యాంకు వేశాక మీటర్ పనిచేయడం లేదు

నూటికి తొంభై సార్లు ఎర్త్. పాత ట్యాంకు పట్టీల ద్వారా బాడీకి ఎర్త్ అందుకునేది. మనం కొత్తదానికి రెండు పూతలు పెయింట్ వేసి, కింద రబ్బరు పరిచి, ముచ్చటగా బిగించాం. ఎర్త్ తెగింది. సెండర్ అంచు నుంచి బాడీకి ప్రత్యేకంగా వైరు వేస్తే సరి.

అయినా ముల్లు తప్పుడు లెక్క చూపిస్తుంటే సెండర్, మీటర్ జోడీ కుదరలేదు. 1960ల మధ్య నుంచి జీఎం (జనరల్ మోటార్స్) కార్లకు సెండర్ విద్యుత్ నిరోధం ఖాళీకి 0, నిండితే 90 ఓంలు. ఆ కాలపు అమెరికన్ ఫోర్డ్‌కు ఖాళీకి 73, నిండితే 10. యూరప్ వీడీఓ కంపెనీ రకానికి ఖాళీకి 10, నిండితే 180. ఫోర్డ్ బండికి జీఎం సెండర్ పెడితే నిండినప్పుడు ఖాళీ చూపిస్తుంది. ట్యాంకులో దించకముందే ఫ్లోట్‌ను (పెట్రోలు మీద తేలే సెండర్ భాగం) పైకీ కిందికీ కదుపుతూ ఓం మీటర్‌తో చూసుకోండి. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటే ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే చిల్లుపడి మునిగిపోయింది.

బంకులో పంపు టక్కుమని కట్టవుతోంది

లోపలి గాలి బయటికి పోవడానికి దారి లేదు. మూతి దగ్గరికి వచ్చే సన్న గొట్టం మడత పడిందో, కొత్త ట్యాంకు చేసినవాళ్లు అసలు పెట్టలేదో. మడత తీయండి, లేకుంటే పెట్టించండి.

కార్బురేటర్ తీసి ఇంజెక్షన్‌కు మార్చాక మలుపుల్లో ఇంజన్ తడబడుతోంది

నిండుకుండ తొణకదన్నది ట్యాంకు విషయంలో అక్షరాలా నిజం. తొణికేది సగం ట్యాంకే. మలుపులో పెట్రోలు ఓ పక్కకు ఒరిగితే గొట్టం నోటికి గాలి తగులుతుంది. కార్బురేటర్ ఉన్నప్పుడు దాని గిన్నెలో ఉన్న నిల్వతో ఆ రెండు సెకన్లు గడిచిపోయేవి. పంపు ఒత్తిడితో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్‌కు ఆ నిల్వ లేదు. లోపల అడ్డగోడలు, పంపు చుట్టూ చిన్న తొట్టి ఉన్న ట్యాంకు వేయించాలి, లేదా బయట చిన్న సర్జ్ ట్యాంకు (ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న డబ్బా) పెట్టి దాన్నుంచి పంపుకు ఇవ్వాలి.

పంపు కీచుమంటుంటే అది తోయడానికి బదులు లాగుతోంది. ట్యాంకు కన్నా ఎత్తులో, దూరంగా బిగించి ఉంటారు. వీలైతే ట్యాంకు లోపలే, లేకుంటే ట్యాంకు పక్కనే అడుగు మట్టానికి దింపండి. ఒత్తిడి సంగతి కూడా మరవొద్దు: కార్బురేటర్‌కు 3 నుంచి 6 పీఎస్ఐ చాలు, ఇంజెక్షన్‌కు 40, కొన్నిటికి 58. పాత గొట్టాలూ, స్క్రూతో బిగించే పాత క్లిప్పులూ దీనికి ఆగవు. తిరిగొచ్చే పెట్రోలు గొట్టాన్ని పైనుంచి ధారగా పడనివ్వకుండా అడుగుదాకా దించండి, లేకపోతే నురగ కడుతుంది.

అల్యూమినియం ట్యాంకుకు ఉక్కు పట్టీలు నేరుగా తగిలితే తడి చేరినచోట అల్యూమినియం తినేయబడుతుంది. మధ్యలో రబ్బరు వేయండి. పాత కార్లలో ఉండే ఫెల్టు పట్టీ మళ్లీ వేయకండి, అది నీళ్లు పీల్చి పట్టుకుంటుంది.

అంతా బిగించాక ముందు ఐదు లీటర్లే పోయండి. ఒక గంట చూసి, ఫుల్ చేసి, కింద ఒక అట్టముక్క పరిచి, గాలి ఆడే చోట రాత్రంతా వదిలేయండి. పెట్రోలు ఆరిపోయినా అట్ట మీద అంచు కట్టిన మరక మిగులుతుంది. ఆ మరక సెండర్ కింద ఉందా, అతుకు కింద ఉందా, గొట్టం కింద ఉందా అన్నదాన్ని బట్టి మళ్లీ స్పానర్ పట్టుకోవాలి.