ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పట్టు తప్పకుండా కారును సిద్ధం చేసుకోవడం ఎలా?

తిరుమల నుంచో, అరకు దారిలో అనంతగిరి నుంచో దిగుతుంటే చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చి బ్రేకులు పట్టు తప్పుతాయి. ఇంటికి రాగానే చాలామంది కన్నాల డిస్కులు కొంటారు. నిజానికి అది చివర ఆలోచించాల్సిన పని. పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగకపోతే ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కి ఆపే పలకలు) వేడికి తట్టుకోలేదన్నమాట. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే ద్రవం) మరిగి ఆవిరి పుట్టింది. ముందు ఫ్లూయిడ్, తర్వాత ప్యాడ్లు, ఆ తర్వాతే డిస్కులు. ఈ వరస మార్చకండి.

ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, 4 అనేవి ఫ్లూయిడ్ రకాలు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కు ఈ లెక్క 230, 155. సీలు తీయని డాట్ 4 లీటరు డబ్బా కొనండి. సగం వాడి మూలన పెట్టిన డబ్బా వద్దు. డాట్ 5 సిలికాన్‌ది, డాట్ 4తో కలపకూడదు.

జాకీ, స్టాండ్లు, రింగ్ స్పానర్, పారదర్శకమైన గొట్టం, ఒక సీసా, పెడల్ తొక్కడానికి ఒక మనిషి ఉంటే చాలు.

చక్రం విప్పి, కాలిపర్‌ను (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) ఊడదీసి తీగతో కట్టండి, ఫ్లూయిడ్ వచ్చే హోస్ మీద వేలాడదీయకండి. కాలిపర్ జారే పిన్నులు తుడిచి బ్రేక్ గ్రీజు రాసి, రెండు వైపులా ఒకే రకం ప్యాడ్లు వేయండి. డిస్కు మందం దాని మీద ముద్రించిన కనీస కొలత దగ్గరికి వస్తే మార్చండి. కన్నాలు లేని మామూలు వెంటెడ్ డిస్కు (రెండు పలకల మధ్య గాలి ఆడేది) చాలు. కన్నాల అంచుల దగ్గర పగుళ్లు మొదలవుతాయి.

ఇక ఎయిర్ తీయడం, అంటే బ్రేక్ గొట్టాల్లోని గాలిని, పాత ఫ్లూయిడ్‌ను బయటికి పంపడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రిజర్వాయర్‌లో (ఫ్లూయిడ్ పోసే డబ్బా) పాతది పీల్చేసి కొత్తది నింపండి. మాన్యువల్ వేరేగా చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాలకు తోసే భాగం) దూరపు చక్రం నుంచి మొదలెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండ్లలో అది వెనక ఎడమది. గొట్టం కాలిపర్ మీది నిపుల్‌కు (గాలి వదిలే మర) తొడిగి, రెండో కొస సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టండి. లోపలి మనిషి మెల్లగా తొక్కి పట్టుకోవాలి. మీరు నిపుల్ పావు చుట్టు వదలాలి, బుడగలు వస్తాయి, మీరు బిగించాలి, ఆ తర్వాతే కాలు తీయాలి. బిగించకముందే కాలు తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. గబగబా పంపు కొట్టడం మన షెడ్లలో అలవాటు. దానివల్ల పెద్ద బుడగ చితికి నురగవుతుంది, అది త్వరగా బయటికి రాదు.

పాత బండి అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. ఎప్పుడూ వెళ్లని చోటికి పిస్టన్ వెళ్తే అక్కడి తుప్పు మాస్టర్ సిలిండర్ సీళ్లను కోసేయొచ్చు. నాలుగైదు తొక్కులకోసారి రిజర్వాయర్ చూడండి. ఒక్కసారి అడుగంటితే మళ్లీ మొదటికే. రంగు మారి, బుడగలు పూర్తిగా ఆగాకే తర్వాతి చక్రం. చిందినది వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ తినేస్తుంది.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేలా, ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 15 దాకా మోస్తరుగా ఎనిమిది పదిసార్లు బ్రేక్ వేస్తూ, మధ్యలో కాస్త చల్లారనివ్వండి. పూర్తిగా ఆపకండి. వేడి మీద పెడల్ తొక్కిపట్టి నిలబడితే డిస్కు మీద ప్యాడ్ అచ్చు పడి, తర్వాత పెడల్ వణుకుతుంది.