ఆపరేషన్ అయిన భార్యని (లేదా భర్తని) ఇంట్ల చూసుకుంట విశ్వాసం ఎట్ల నిలబెట్టుకోవాలె?

మా ఆమెకి పోయిన నవంబర్‌ల గుండె ఆపరేషన్ అయింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం లోపల లోపల వాల్వ్‌ని పాడు చేసిందట, ముప్పై ఎనిమిదేండ్లు వచ్చినంక మెట్లెక్కితే ఆయాసం మొదలైతే అప్పుడు బయటపడ్డది. హైదరాబాద్‌ల మెటల్ వాల్వ్ వేసిర్రు, పదకొండో రోజు హన్మకొండకి తీసుకొచ్చుకున్నం. ఆస్పత్రిల ఉన్నన్ని రోజులు సంఘం మొత్తం ప్రార్థన చేసింది, ఆ బలం నాకు తెలుసు. కాని ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నంక ఆమె మంచం మీద, నేను మందుల సంచి పట్టుకొని నిలబడి, ఇప్పుడు ఏం చేయాలె అనుకున్న. ఇక్కడ రాసేది అంతా అప్పటి నుంచి నేర్చుకున్నదే. మీ ఇంట్ల ఏ పెద్ద ఆపరేషన్ అయినా చాలవరకు పనికొస్తది, మందుల ముచ్చట మాత్రం మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

ముందుగాల చేతులు నేర్చుకోవాలె

డిశ్చార్జ్ రోజు తొందరపడి బిల్లు కట్టి బండి ఎక్కకండి. నర్సమ్మని నిలబెట్టి "లేపుడు ఎట్ల, కూసోబెట్టుడు ఎట్ల, ఒకసారి నాతోని చేయించండి సిస్టర్" అని అడగండి. గుండె ఆపరేషన్‌ల ఛాతి ఎముకని కోసి వైర్లతోని కడతరు, అది అతుక్కోవాలంటే ఆరు నుంచి పన్నెండు వారాలు పడతది. అప్పటిదాక చేతులు పట్టి గుంజి లేపొద్దు. పక్కకి తిరిగి కాళ్లు కిందికి వేస్తే మనం వీపు కింద చెయ్యి పెట్టి లేపాలె. నాలుగైదు కిలోల కన్నా ఎక్కువ బరువు ఎత్తనియ్యొద్దు, అంటే నిండు బిందె కూడా వద్దు. దగ్గు వచ్చినప్పుడు ఒక మెత్త (దిండు) ఛాతికి గట్టిగ హత్తుకోవాలె, మా ఇంట్ల ఒక చిన్న మెత్త మూడు నెలలు ఆమె ఒళ్లోనే ఉన్నది. మూడు బాల్స్ ఉన్న ఊపిరి మిషన్ ఇస్తరు కదా, దాన్ని అల్మారిల పెట్టకండి, మేలుకున్నప్పుడు గంటకోసారి పీల్పించాలె.

నాకు అన్నిట్ల కష్టమైంది జడ. చేతులు రెండూ నెత్తి మీదికి ఎత్తొద్దన్నరు కాబట్టి ఆమె దువ్వుకోలేదు, ఆమెకేమో నడుం దాక జుట్టు. మొదటిరోజు నేను దువ్వితే చిక్కులు గుంజి కండ్లల్ల నీళ్లు తెచ్చిన, అత్తమ్మ ఫోన్ల చెప్తుంటే నేర్చుకున్న, చివర నుంచి మొదలుపెట్టి పైకి రావాలె, మధ్యల చెయ్యి అడ్డం పెట్టాలె. పది రోజులకి జడ సక్కగ వచ్చింది. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి, యోహాను 13, నేను ఎన్నిసార్లు చదివిననో, ప్రసంగాలు కూడా విన్న, కాని దువ్వెన పట్టుకొని ఆమె వెనక కూసున్నప్పుడే నాకు అది అర్థమైంది. పొద్దుగాల మోకాళ్ల మీద అరగంట కూసునుడు కుదరలేదని బాధపడకండి. నెత్తి దువ్వుకుంట, కుట్లు చూసుకుంట, బాత్రూం బయట నిలబడి "అయిందా" అని అడుక్కుంట చేసేది కూడా సేవే, ఆ పని చేస్తూనే మనసుల రెండు మాటలు దేవునితో మాట్లాడొచ్చు.

గోలీలకి, ప్రార్థనకి గొడవ పెట్టకండి

ఇది కొంచెం గట్టిగనే చెప్త. మా ఇంటికి ప్రార్థనకి వచ్చినోళ్లల్ల ఒకాయన "స్వస్థత అయిపోయింది చెల్లె, విశ్వాసంతోని గోలీలు ఆపెయ్" అన్నడు. ప్రేమతోనే అన్నడు, నాకు తెలుసు. కాని మెటల్ వాల్వ్ ఉన్న మనిషి రక్తం పల్చబడే గోలి ఆపితే వాల్వ్ మీద గడ్డ కడతది, అది మెదడుకు పోతే పక్షవాతం. అసిట్రోమ్, వార్ఫరిన్ ఇట్లాంటివి మెటల్ వాల్వ్‌కి జీవితాంతం వాడాలె. నేను ఆయనకి వందనాలు చెప్పి, అన్నా, హిజ్కియా రాజు చావుకి దగ్గరైనప్పుడు దేవుడు ప్రార్థన విన్నడు, 15 ఏండ్లు ఆయుష్షు ఇస్తనన్నడు, అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించిండు కదా అన్న. 2 రాజులు 20ల ఉన్నది. లూకా కూడా వైద్యుడే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిల ఇసాబెల్ కెర్ అనే డాక్టరమ్మ మిషనరీగ వచ్చి, ఊరి బయట పడేసిన కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి నడిపింది, మన జిల్లాలల్ల వాక్యం, మందు ఒక్క చేతిలోనే వచ్చినయి.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. గోలి పేరు, టైం, వేసినంక టిక్. రక్తం పల్చబడే గోలి రోజూ ఒకటే టైంకి, మేము రాత్రి ఏడింటికి పెట్టుకున్నం. ఒకరోజు మర్చిపోతే అదే రోజు యాదికొచ్చినప్పుడు వేయాలె, తెల్లారి రెండు కలిపి మాత్రం వేయొద్దు. ఐఎన్ఆర్ టెస్ట్ (రక్తం ఎంత పల్చగ ఉన్నదో చూసే పరీక్ష) ఎప్పుడు చేయించాలెనో డాక్టర్ రాసిస్తరు, మైట్రల్ (గుండెల ఎడమ దిక్కు రెండు గదుల మధ్యల ఉండే) మెటల్ వాల్వ్ ఉన్నోళ్లకి మామూలుగ 2.5 నుంచి 3.5 మధ్యల ఉండాలంటరు. గోంగూర, పాలకూర, తోటకూర మానేయమని కాదు, వాటిల విటమిన్ కె ఉంటది కాబట్టి ఒక వారం కుప్పలు తిని ఇంకో వారం ముట్టకుండ ఉంటే రీడింగ్ ఎక్కిదిగుతది, ఒక్కతీరుగ తినాలె. నొప్పులని మెడికల్ షాపుల గోలి కొనొద్దు. ఊర్లె ఆర్‌ఎంపీ దగ్గర నడుముకి సూది అసలే వద్దు, సూది వేసిన కాడ లోపలే రక్తం కారి గడ్డ కడతది. పన్ను పీకించాలన్నా ముందు గుండె డాక్టర్‌ని అడగాలె.

ఉపవాసం గురించి కూడా ఇక్కడే చెప్త. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శ్రమల దినాలు వస్తయి, ఆమె "నేను కూడా ఉంట" అంటది. కుట్లు మానాలంటే గుడ్డు, పప్పు, పాలు పడాలె, గోలీలు తిండి మీద వేయాలె. ఉండనియ్యకండి. ఆమె తరఫున మీరు ఒక పూట ఉండొచ్చు, అది కూడా మీకు షుగర్ లేకుంటేనే.

ప్రార్థన చిన్నగ చేయండి

మత్తు, నొప్పి గోలీలు, నిద్రలేమి, వీటితోని ఆపరేషన్ అయిన మనిషికి ఒక అధ్యాయం వినే ఓపిక కూడా ఉండదు. మొదట్ల నాకు ఇది తెల్వక రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన పెట్టి పాట, వాక్యం, అందరి ప్రార్థన మొత్తం నడిపిస్తుంటే ఆమె కండ్లు మూసుకొని ఉన్నది, నేను భక్తి అనుకున్న, మా చిన్నోడు "డాడీ, అమ్మ ఏడుస్తుంది" అన్నడు. ఆ రాత్రి నుంచి మార్చిన. 117వ కీర్తన రెండే వచనాలు. 121వది ఎనిమిది. అంతే చదివి, చెయ్యి పట్టుకొని, "ప్రభువా ఈ రాత్రి నిద్ర ఇయ్యి" అని ఆపేసేది. ఆమె ఆమెన్ అనకపోయినా అడగలె.

ఇంకోటి, ఆమెతోని బలవంతంగ స్తోత్రం చెప్పించకండి. "దేవుడు బతికించిండు కదా, ఎందుకు ఏడుస్తవ్" అని నేను ఒకసారి అన్న. "బతికించిండు, మరి చిన్నప్పుడే ఎందుకు ఆపలే" అన్నది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. తర్వాత 88వ కీర్తన ఇద్దరం చదివినం, అది చీకటి దగ్గరనే ముగుస్తది, చివర్ల ఓదార్పు మాట ఒక్కటి కూడా ఉండదు. అట్లాంటిది కూడా బైబిల్‌ల ఉన్నదని ఆమె చాలసేపు పేజీ మూయలె. గుండె ఆపరేషన్ తర్వాత మనసు కుంగిపోవుడు చాలమందికి అయితది. రెండు వారాలు దాటినా తిండి మీద, పిల్లల మీద ధ్యాస రాకుంటే, బతికి ఏం లాభం అన్న మాట వస్తే, డాక్టర్‌కి చెప్పండి, అది విశ్వాసం తక్కువై కాదు.

రాత్రిళ్లు వాల్వ్ చప్పుడు వినపడతది, టిక్ టిక్ అని, గడియారం లెక్క. మొదట్ల ఆమెకి భయమైతుండె. నేను ఫోన్ల ఆడియో బైబిల్ తక్కువ సౌండ్‌తోని పెట్టేది, దాని కింద టిక్ టిక్ కలిసిపోయి నిద్ర పట్టేది. ఆ చప్పుడు అలవాటైనంక ఒకరోజు మందకొడిగ అయినట్టు అనిపించినా, వినపడకపోయినా, ఆగకుండ ఆస్పత్రికి పోవాలె.

సంఘపోళ్లకి పని చెప్పండి

వచ్చేటోళ్లు ప్రేమతోనే వస్తరు, యాపిల్ పండ్లు, హార్లిక్స్ తెస్తరు, రెండు గంటలు కూసుంటరు. నేను పాస్టర్ అయ్యగారికి ఫోన్ చేసి "అయ్యగారు, ఆదివారం అనౌన్స్‌మెంట్ల మీరే చెప్పండి, సాయంత్రం ఐదు నుంచి ఆరు, ఇద్దరిద్దరు, పావుగంట, జలుబున్నోళ్లు రావొద్దు" అన్న. మనం చెప్తే బాధపడతరు, అయ్యగారు చెప్తే ఎవ్వరూ అనుకోలే. ప్రార్థన చేసేటప్పుడు ఛాతి మీద, భుజం మీద చెయ్యి గట్టిగ పెట్టనియ్యకండి, పాదం దగ్గర పెట్టమనండి. యాకోబు పత్రికల చెప్పినట్టు పెద్దలు వచ్చి నూనె రాస్తమంటే నుదుటి మీద రాయమనాలె, కుట్ల మీద చుక్క కూడా పడొద్దు.

"ఏమన్న కావాలంటే చెప్పు తమ్మీ" అంటరు చూడండి, అప్పుడే చెప్పాలె, మొహమాటం వద్దు. మంగళవారం పిల్లలకి టిఫిన్ డబ్బా, గురువారం బ్లడ్ టెస్ట్‌కి ఆటో, శనివారం రెండు గంటలు ఆమె దగ్గర కూసుంటే నేను పడుకుంట. స్త్రీల కూడిక అక్కలు నెల రోజులు వంతులేసుకొని కూర పంపిర్రు, ఉప్పు తక్కువ. మోషే చేతులు బరువైతే అహరోను, హూరు చెరో పక్క పట్టుకున్నరు, ఎవ్వరూ ఆయన్ని తక్కువ చేసి చూడలె కదా. పైసలు ఇచ్చినా తీసుకోండి, నోట్‌బుక్‌ల రాసుకోండి. ఆరోగ్యశ్రీ కింద చేయించుకుంటే, 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంల పరిమితి 10 లక్షలు చేసిర్రు, చెకప్‌లు, మందులు దాంట్ల ఏమేం వస్తయో ఆస్పత్రిల ఆరోగ్యమిత్రని అడిగి కాయితం మీద రాయించుకోండి.

ఎవరన్న "ఏ పాపం వల్ల వచ్చిందో" అంటే, వాదించకండి, పుట్టుగుడ్డి మనిషి సంగతిల అది ఎవ్వరి పాపం వల్ల కాదని ప్రభువు చెప్పిన యోహాను 9 చదువుమనండి. రోగి ముందట ఆ మాట రానియ్యకండి.

మీ సంగతి

ఏలీయా చచ్చిపోతే బాగుండని చెట్టు కింద పడుకుంటే దేవదూత ప్రసంగం చెప్పలె, రొట్టె, నీళ్లు పెట్టింది, మళ్ల పడుకోనిచ్చింది, ఇంకోసారి లేపి మళ్ల తినమన్నది. మీరు కూడా తినండి, పడుకోండి. మీ బీపీ గోలి మీరు వేసుకోండి. నాకు మూడో వారంల ఆమె మీద కోపం వచ్చింది, గ్లాసు విసిరేసిన, తర్వాత మెట్ల మీద కూసొని ఏడ్చిన. అయ్యగారితోని చెప్పుకున్న. అట్లాంటి ఒక్క మనిషి మీకు ఉండాలె, వాట్సాప్ గ్రూప్ కాదు.

భార్యాభర్తల ముచ్చట కూడా డాక్టర్‌ని సిగ్గుపడకుండ అడగండి, మామూలుగ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటరు. రక్తం పల్చబడే గోలీలు కడుపుల బిడ్డకి హాని చేయొచ్చు కాబట్టి పిల్లల ప్లాన్ ఉంటే ముందే చెప్పాలె. అప్పటిదాక పక్కన కూసొని చెయ్యి పట్టుకునుడు చాలు. రోగములోను ఆరోగ్యములోను అని పెండ్లి నాడు అయ్యగారు చెప్పించినప్పుడు నేను ఫొటోగ్రాఫర్ దిక్కు చూస్తున్న, ఆ మాట ఇప్పుడు నాకు యాదికొస్తది.

ప్రార్థన చేసుకుంట కూసోకుండ 108కి ఫోన్ చేయాల్సినవి

మూతి వంకర పోవుడు, మాట తడబడుడు, ఒక చెయ్యి పడిపోవుడు. ఛాతిల నొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవుడు. నల్లగ విరేచనం, రక్తం ఆగకపోవుడు. కిందపడి తలకి తగిలితే పైకి దెబ్బ కనపడకపోయినా పోవాలె. 100.4 దాటిన జ్వరం, కుట్ల నుంచి చీము, ఛాతి ఎముక టక్కుమని కదిలినట్టు ఉంటే అదే రోజు సర్జన్‌కి ఫోన్ చేయండి. బండిల కూసొని చేసిన ప్రార్థన కూడా దేవుడు వింటడు.

చర్చికి మొదటిసారి

మా ఆమె క్రిస్మస్‌కి మెదక్ పోదామన్నది, మొక్కుకున్నదట. అప్పటికి ఆరు వారాలే. ఆ గుంపుల ఎవరి మోచెయ్యి తగిలినా కష్టం. ఆ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది, వందేండ్లు నిలబడ్డది, వచ్చే ఏడాది కూడా ఉంటది, పోదాం అన్న. వాచ్ నైట్ సర్వీస్ కూడా ఫోన్లనే చూసినం.

జనవరి మూడో ఆదివారం డాక్టర్ సరే అన్నంక మా సంఘానికి పోయినం. ఆటోల ఎగరకుండ మెల్లగ పోమ్మని చెప్పి, ఛాతికి మెత్త పెట్టుకొని కూసున్నది. పాటలు అయిపోయినంక లోపలికి పోయినం, చివరి వరుసల తలుపు పక్కన కుర్చీ ముందే వేయించిన, ప్రభు బల్ల అయ్యగారు ఆమె దగ్గరికే తెచ్చిండు. సాక్ష్యం చెప్పమని ఎవ్వరూ అడగొద్దని ముందే మాట తీసుకున్న, ఆమెకి చెప్పాలనిపించిన రోజు చెప్తది. ఆశీర్వాదం కాకముందే లేచినం, లేకుంటే అందరూ కౌగిలించుకుంటరు. ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండ రెండు గంటలు పడుకున్నది. సాయంత్రం లేచి చాయ్ తాగి, జడ మళ్ల వేయమన్నది. ఏడింటికి గోలి వేసి నోట్‌బుక్‌ల టిక్ పెట్టిన.