ప్రాచీన గ్రీకుల పద్ధతిలో తోలుపట్టీతో ఈటె విసరడం ఎలా?

ప్రాచీన గ్రీకు క్రీడలను అనుకరించే ప్రదర్శనల్లో ఈటె కర్రకు తోలుపట్టీని అలంకారంలా వేలాడదీసి, కర్రను మాత్రం నేటి జావెలిన్ త్రో మాదిరిగా పిడికిట పట్టి విసరడం తరచుగా కనిపిస్తుంది. అది గ్రీకు పద్ధతి కాదు. పరుగు, లాంగ్ జంప్, డిస్కస్, ఈటె, కుస్తీ కలిసిన పెంటాథ్లాన్ ఒలింపియా క్రీడల్లో క్రీ.పూ. 708లో చేరిందని సంప్రదాయం చెబుతుంది. ఆ పోటీలో ఈటెను దూరం పంపింది భుజబలం ఒక్కటే కాదు. గ్రీకులు ‘అంకులే’ అని పిలిచిన ఆ పట్టీ కూడా.

సామగ్రి సులువైనదే. మనిషి ఎత్తు, వేలి లావు గల తేలికైన, వంకరలేని కర్ర ఒకటి కావాలి. 800 గ్రాములు తూగే నేటి పురుషుల జావెలిన్ ఇందుకు పనికిరాదు. గ్రీకులు ఎల్డర్ చెట్టు కర్రను వాడేవారు. ఒలింపియా లాగే గ్రీకు క్రీడలు జరిగిన నెమియాలో పెంటాథ్లాన్ గెలిచిన ఆటోమెదెస్‌ను కీర్తించిన కవి బాక్కులిదేస్ ఆ కర్రనే ప్రస్తావించాడు. వెదురు వాడేట్లయితే గణుపులను పూర్తిగా చెక్కివేయాలి, లేకపోతే విడిపోయే పట్టీ వాటికి చిక్కుకుంటుంది. మొన మొద్దుగా ఉండాలి. పట్టీ మెత్తని తోలుదై, అర మీటరుకు కొంచెం తక్కువ పొడవు ఉండాలి. నైలాన్ తాడు సాగుతుంది కనుక దానిని వాడరాదు.

కర్రను ఒక వేలిపై అడ్డంగా నిలిపి, అది ఎటూ ఒరగకుండా నిలిచే చోట గుర్తు పెట్టుకోవాలి.

ఇక అసలైన పని పట్టీ కట్టడం. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. పట్టీ ఒక కొసను గుర్తుకు రెండు వేళ్ల వెడల్పు వెనుకగా, అంటే తోక వైపున, కర్రకు గట్టిగా ముడివేయాలి. అక్కడి నుండి మొన వైపుకు చుట్టుకుంటూ రావాలి. చివర మిగిలిన భాగంతో చూపుడువేలు, మధ్యవేలు పట్టేంత ఉచ్చు చేయాలి. ముడి వెనుక, ఉచ్చు ముందు: ఈ వరుస తారుమారైతే పట్టీ ఉండి కూడా ప్రయోజనం లేదు. విసిరే క్షణంలో అరచేయి తెరుచుకున్న తరువాత కూడా వేళ్లు పట్టీ ద్వారా ముడిని ముందుకు లాగుతూనే ఉంటాయి. చేయి అంతమేర పొడవు పెరిగినట్టే పనిచేస్తుంది. ముడి వేళ్లను దాటగానే ఉచ్చు తనంతట తాను జారిపోతుంది. ముడిని వేళ్లకు ముందు కట్టినవారి చేతిలో ఆ లాగుడు మొదలే కాదు.

చుట్లు మూడుకు తగ్గరాదు, నాలుగుకు మించరాదు. ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉండాలే తప్ప ఒకదానిపై ఒకటి ఎక్కరాదు. ఎక్కిన చుట్టు విడిపోయేటప్పుడు కుదుపు ఇస్తుంది, ఆ కుదుపుకు మొన పక్కకు తిరుగుతుంది. తోక వైపు నుండి చూసినప్పుడు గడియారపు ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి. రెండు దిశలూ ఒకటేనని వాదించేవారు ఉన్నారు, కానీ పూటకొక దిశలో చుట్టేవారి చేతికి నిలకడైన అలవాటు ఎన్నటికీ రాదు. బొంగరానికి తాడు చుట్టి విసిరినప్పుడు ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది: పట్టీ విడిపోతూ ఈటెను తనచుట్టూ తాను తిప్పుతుంది, ఆ తిరుగుడే గాలిలో దానిని నిలకడగా ఉంచుతుంది.

ఉచ్చుకు జారుముడి ఎంతమాత్రం వేయరాదు. అది వేళ్లను బిగించి పట్టుకుంటుంది, ఈటె వెళ్లేటప్పుడు వేళ్లకు గాయం చేస్తుంది. పట్టీని మణికట్టుకు కట్టుకోవడం అంతకన్నా పెద్ద తప్పు.

చుట్టిన పట్టీని బిగువుగా ఉంచడం కూడా చుట్టడమంత ముఖ్యం. ఉచ్చులో రెండు వేళ్లు పెట్టి, మిగిలిన వేళ్లతో కర్రను తేలికగా పట్టుకుని, ఎడమచేతితో మొనను వెనక్కు నొక్కాలి. ఏథెన్స్ కుండలపై చిత్రించిన క్రీడాకారులు చాలామంది సరిగ్గా ఇదే పని చేస్తూ కనిపిస్తారు. ఆ చిత్రాలను చూసి కూడా ఎడమచేతిని కేవలం భంగిమగా భావించేవారు పట్టీని వదులుగా వదిలేస్తారు. వదులైన పట్టీ ఆలస్యంగా బిగుస్తుంది, అప్పటికే ఈటె చేయి దాటిపోతుంది. ఎడమచేయి తీసిన తరువాత కూడా ఆ బిగువు విసిరేదాకా నిలవాలి.

ఆ తరువాతిదంతా సులువే. నాలుగైదు అడుగుల పరుగు చాలు. చేయి వెనక్కు చాచి, తల పక్కగా ముందుకు తెచ్చి విడిచిపెట్టాలి. బలం పెంచే ప్రయత్నం మొదట్లో వద్దు, ఉచ్చు శుభ్రంగా జారడం అలవడిన తరువాతే వేగం పెంచాలి. నేటి పోటీ నియమాలు ఇలాంటి పట్టీని అనుమతించవు కనుక ఈ సాధనకు ప్రత్యేకంగా మైదానం చూసుకోవాలి.

ఆ మైదానంలో జాగ్రత్తల విషయంలో రాజీ పడకూడదు. పెంటాథ్లాన్ పోటీలో ఒకరి ఈటె తగిలి ఫార్సాలస్‌కు చెందిన ఎపిటిమస్ మరణించినప్పుడు, దోషం ఈటెదా, విసిరినవాడిదా, పోటీ నిర్వాహకులదా అని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్, తత్వవేత్త ప్రొటాగరస్ ఒక రోజంతా చర్చించారని ప్రాచీన జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. ఆ చర్చకు తావివ్వకుండా ఉండాలంటే, విసిరేవారికి ముందు ఎవరూ నిలబడరాదు. ఉచ్చు ముందుగానో ఆలస్యంగానో జారితే ఈటె పక్కకు పోతుంది కనుక పక్కల కూడా విశాలమైన ఖాళీ వదలాలి. చివరి ఈటె నేలను తాకేదాకా ఎవరూ తమ ఈటెలు తెచ్చుకోవడానికి వెళ్లరాదు.