బెంగళూరులో పాత సరౌండ్ ప్రీయాంప్ కొనేటప్పుడు ఏం చూడాలి

ముందే చెప్తున్నా, ప్రీయాంప్ అంటే టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని అందుకుని చానెళ్లుగా విడదీసి, వాల్యూమ్ సరిచేసే పెట్టె, అదొక్కటే కొంటే స్పీకర్లు మోగవు, వాటిని నడిపే పవర్ యాంప్ వేరే కావాలి, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి. రెండూ కలిపి బడ్జెట్ దాటిపోతుంటే ప్రీ-అవుట్ సాకెట్లున్న (బయటి పవర్ యాంప్‌కి శబ్దం పంపేవి) పాత ఏవీ రిసీవర్, అంటే రెండు పనులూ ఒకే పెట్టెలో చేసేది, తీసుకోండి, ఇప్పటికి స్పీకర్లు అదే నడుపుతుంది, రేపు పవర్ యాంప్ కొన్నాక ప్రీయాంప్‌గా పనికొస్తుంది.

ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చూసినా, ఎవరింటికో వెళ్లి చూసినా వెనకవైపు రాసున్న వోల్టేజీ నుంచే మొదలుపెట్టండి. అమెరికా నుంచి తెచ్చినవి చాలావరకు 120 వోల్టులవి, మన 230కి నేరుగా పెడితే కాలిపోతాయి.

తర్వాత బొమ్మ, శబ్దం రెండూ మోసే హెచ్‌డీఎమ్ఐ సాకెట్లు. నేను మొదట కొన్నది షాపులో బ్రహ్మాండంగా పాడింది, మారతహళ్లిలో ఇంటికి తెచ్చి అరగంట నడిపేసరికి వేడెక్కి, బొమ్మ రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది, ఆ రాత్రంతా టెన్షనే. అందుకే మీ లాప్‌టాప్, కేబుల్ పట్టుకెళ్లి ప్రతి సాకెట్లోనూ పెట్టి చూడండి, కనీసం గంటసేపు ఆన్‌లో ఉంచండి, షాపువాడు విసుక్కున్నా సరే. టెస్ట్ టోన్ (పరీక్ష శబ్దం) పెట్టి ఒక్కో చానెల్ వినండి, వాల్యూమ్ తిప్పుతుంటే చిటపటలొస్తే బేరం ఆపేయండి.

4కే లేదని వదులుకోకండి. టీవీలోని యాప్‌లే చూసేవాళ్లకు ఏఆర్‌సీ అని రాసున్న సాకెట్ చాలు, 2009 నాటి హెచ్‌డీఎమ్ఐ 1.4తో వచ్చిందది, బొమ్మ టీవీలోనే ఉండి శబ్దం మాత్రమే ఇటొస్తుంది. అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) కావాలంటే మాత్రం 2014కి ముందు మోడళ్లు వద్దు.

గదిలో స్పీకర్ల శబ్దాన్ని కొలిచి సరిచేయడానికి వాడే కాలిబ్రేషన్ మైకు కూడా అడిగి తీసుకోండి, వేరే మోడల్‌ది వాడితే కొలతలు తప్పొస్తాయి.