కంటికి అందే రక్తం – మూడో పాఠం: బీపీ పక్కన కంటి ఒత్తిడి

గత పాఠంలో మెడలోని కరోటిడ్ ధమని నుంచి నేత్రధమనికి, అక్కడి నుంచి కంటి నరం మొదలు దాకా రక్తం వెళ్లే దారి చూశాం. ఈసారి ఆ రక్తం ఎంత బలంతో చేరుతుందో లెక్క కడదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

రక్తాన్ని కంటిలోకి నెట్టేది బీపీ. దానికి ఎదురు నిలిచేది కంటిలోపలి ఒత్తిడి. ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తే మిగిలేదే పెర్ఫ్యూజన్ ప్రెషర్.

బీపీ 120/80, కంటి ఒత్తిడి 16 అనుకోండి. పై అంకెలోంచి కింది అంకె తీస్తే 40. అందులో మూడో వంతు, సుమారు 13, కింది అంకెకు కలిపితే 93. ఇది సగటు బీపీ. ఇందులో మూడింట రెండు వంతులు, అంటే 62 తీసుకోవాలి. ఎందుకంటే కూర్చున్నప్పుడు కన్ను గుండెకన్నా ఎత్తులో ఉంటుంది, అంత పైకి చేరేసరికి ఒత్తిడి తగ్గుతుంది. 62లోంచి 16 తీస్తే 46.

పడుకున్నప్పుడు ఈ ఎత్తు ఉండదు కాబట్టి ఆ సూత్రం పనికిరాదు. అప్పుడు బీపీ కింది అంకెలోంచి కంటి ఒత్తిడిని తీసి చూడండి. పగలు 80 – 16 = 64. రాత్రి నిద్రలో బీపీ సహజంగానే దిగుతుంది. పడుకోగానే కంటి ఒత్తిడి పెరుగుతుంది. కింది అంకె 52కు దిగి, కంటి ఒత్తిడి 20కి చేరితే మిగిలేది 32 మాత్రమే. పగలు ఆసుపత్రిలో కొలిచినప్పుడు ఈ సంగతి బయటపడదు. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే.

అమెరికాలోని బాల్టిమోర్ కంటి సర్వేలో, బీపీ కింది అంకెలోంచి కంటి ఒత్తిడి తీస్తే వచ్చే తేడా 30 కన్నా తక్కువ ఉన్నవారిలో గ్లకోమా (కంటి నరం క్రమంగా దెబ్బతినే జబ్బు), 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారికన్నా ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. జపాన్‌లోని తాజిమి పట్టణంలో ఓపెన్ యాంగిల్ అనే రకం గ్లకోమా ఉన్నవారిలో 92 శాతం మందికి కంటి ఒత్తిడి, నార్మల్‌కు పై హద్దుగా చెప్పే 21 దాటలేదు. అందుకే ‘ఒత్తిడి నార్మల్’ అన్న మాట విని పరీక్షలు మానేయకండి.

అయితే ఈ లెక్క చూసి బీపీ మాత్రలు ఆపేయడం ప్రమాదం. గ్లకోమాను నెమ్మదింపజేస్తుందని గట్టిగా రుజువైన మార్గం కంటి ఒత్తిడి తగ్గించడమే. మీరు చేయవలసింది ఒకటే: బీపీ మాత్ర ఏ వేళ వేసుకుంటున్నారో కంటి డాక్టరుకు చెప్పండి. రాత్రిపూట వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి. కంటి ఒత్తిడి తగ్గించే టిమోలాల్ చుక్కలు వాడేవారు ఆ విషయం బీపీ చూసే డాక్టరుకూ చెప్పాలి, ఆ మందు రక్తంలో కలిసి నాడి వేగాన్నీ బీపీనీ తగ్గించగలదు.

సాధన: కూర్చుని కొలిచిన బీపీ 130/70, కంటి ఒత్తిడి 19. రెండు లెక్కలూ కట్టండి. మొదటిదానికి 41, రెండోదానికి 51 రావాలి. వచ్చే పాఠంలో కంటి నరం అంచున కనిపించే చిన్న రక్తపు గీతను ఫోటోలో ఎలా గుర్తించాలో చూద్దాం.